పెద్ద ఎమ్, చిన్న ఎమ్: ప్రోగ్రామింగ్ భాషలకు ఆ పట్టింపు అవసరమా?

క్లుప్తంగా: సీ, జావా, పైథాన్ లాంటి భాషలు పెద్దక్షరాన్ని, చిన్నక్షరాన్ని వేర్వేరుగా చూస్తాయి. ఫోర్ట్రాన్, పాస్కల్, ఎస్‌క్యూఎల్ లాంటివి ఒకటిగానే చూస్తాయి. ఈ తేడాకు మూలం సిద్ధాంతంలో కన్నా ఆనాటి యంత్రాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. దీని బరువు కొత్తగా నేర్చుకునేవారి మీద, అందులోనూ పెద్ద చిన్న అక్షరాలే లేని లిపిలో చదువుకున్నవారి మీద ఎక్కువగా పడుతుంది. అయితే తేడా పాటించడమే తప్పని చెప్పలేం. ఆ ఒక్క తేడాతో రెండు పేర్లను పక్కపక్కన ఉండనివ్వడం, పొరపాటు జరిగినప్పుడు భాష కిమ్మనకుండా ఉండటం అసలు చిక్కు.

ల్యాబులో మొదటి వారం

అనంతపురం, కడప, కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీల్లో సీ ల్యాబు మొదలైన వారంలో ఒక తప్పు తరచూ కనిపిస్తుంది. మొదటి ప్రోగ్రాం అందరిదీ దాదాపు ఒకటే, తెర మీద ఒక పలకరింపు వాక్యం చూపించడం. అందులో ప్రోగ్రాం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే మెయిన్ అనే పేరు పెద్ద ఎమ్‌తో పడిందనుకుందాం. రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ ఏ లైన్‌నూ తప్పు పట్టదు. దాని లెక్కలో అది పద్ధతిగా రాసిన ఫంక్షనే, అంటే పేరు పెట్టిన ఒక కోడ్ ముక్కే. కంపైలర్ తర్వాత పని అందుకుని ముక్కలన్నిటినీ కలిపే లింకర్ చిన్న ఎమ్‌తో ఉన్న మెయిన్ కోసం వెతుకుతుంది. దొరకకపోయేసరికి 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు మెయిన్' అంటుంది. ఆ మెసేజ్‌లో లైన్ నంబర్ ఉండదు. మెయిన్ కళ్ల ముందు కనబడుతూనే ఉంది, మెషీన్ మాత్రం లేదంటోంది. ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో ఇంకా తెలియని విద్యార్థికి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయడం తేలిక. కానీ తెలుగు లిపిలో ఈ తేడాయే లేదు. 'అ' వాక్యం మొదట్లో ఉన్నా, మధ్యలో ఉన్నా, మనిషి పేరులో ఉన్నా ఒకేలా ఉంటుంది. పెద్దబడి, చిన్నబడి అంటూ ఇంగ్లీషు అక్షరాలను రెండేసి రూపాల్లో దిద్దించినా, బడిలో ఆ రెండూ ఒకే అక్షరమని నేర్పుతారు. పేరు మొదట్లో పెద్దక్షరం పెట్టకపోతే అర మార్కు పోతుందేమో గానీ మనిషి మారిపోడు. ప్రోగ్రామింగ్ భాష మాత్రం ఆ రెండూ వేర్వేరని పట్టుబడుతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పదో తరగతి కాగానే పల్లెల్లోని సర్కారు బడుల నుంచి వచ్చే పిల్లలకైతే ఇంగ్లీషు మీద పట్టు రావడం, ఈ కొత్త నియమం అలవాటు కావడం రెండూ ఒకేసారి జరగాలి.

చెవికి కూడా ఈ తేడా తెలియదు. సారు క్లాసులో కోడ్ చదివి చెబుతుంటే 'స్ట్రింగ్' అన్న మాటలో పెద్ద ఎస్ ఉందో చిన్న ఎస్ ఉందో వినపడదు. జావాలో మాత్రం అది పెద్ద ఎస్‌తోనే ఉండాలి. చిన్న ఎస్‌తో రాస్తే ఆ పేరు గల గుర్తు ఏదీ దొరకలేదని కంపైలర్ తిప్పి పంపుతుంది. రాతలోనూ ఇబ్బందే. సీ, ఓ, ఎస్, వీ, డబ్ల్యూ, ఎక్స్, జెడ్ అక్షరాలకు పెద్ద రూపం, చిన్న రూపం ఆకారంలో ఒకటే, ఎత్తులోనే తేడా. రికార్డు పుస్తకంలో చేత్తో రాసినప్పుడు ఆ ఎత్తు లైను లైనుకూ మారిపోతుంది. ఫోన్‌లో కోడ్ సాధన చేసేవారిది మరో అవస్థ. కీబోర్డు వాక్యం మొదలైందనుకుని మొదటి అక్షరాన్ని దానంతట అదే పెద్దది చేస్తుంది, పైథాన్‌లోని చిన్న పీ 'ప్రింట్' పెద్ద పీ 'ప్రింట్' అవుతుంది.

ఈ వ్యాసం కూడా తెలుగు లిపిలో ఉంది కాబట్టే ప్రతిసారీ 'పెద్ద ఎమ్', 'చిన్న ఎస్' అని విడమరచి చెప్పాల్సి వస్తోంది.

కడపకు పెద్ద డీ

అలాగని తెలుగువారికి ఈ పద్ధతి బొత్తిగా పరాయిదీ కాదు. 1990లలో తెలుగు ఫాంట్లు అందరి దగ్గరా లేని రోజుల్లో, ఇంటర్నెట్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాయడానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి బాగా వాడారు. తర్వాత వచ్చిన లేఖిని లాంటి పనిముట్లూ ఆ బాటలోనే నడిచాయి. అందులో చిన్న డీ అంటే 'ద', పెద్ద డీ అంటే 'డ'. చిన్న టీ 'త', పెద్ద టీ 'ట'. చిన్న ఎల్ 'ల', పెద్ద ఎల్ 'ళ'. కడప అని రావాలంటే నడుమ పెద్ద డీ కొట్టాలి. చిన్న డీ కొడితే 'కదప' అవుతుంది. 'పాట', 'పాత' మధ్య, 'కల', 'కళ' మధ్య ఉన్నదంతా షిఫ్ట్ కీ తేడాయే.

ఆ పద్ధతిని జనం నెలల తరబడి కుస్తీ పట్టకుండానే నేర్చుకున్నారు. ఎందుకంటే తప్పు కొట్టగానే తెర మీద తప్పు అక్షరం కనబడేది. పెద్ద చిన్న తేడా ఒక ధ్వనికి కట్టుబడి ఉంది, ఫలితం వెంటనే కంటికి తెలిసింది. సీ ల్యాబులోని విద్యార్థికి ఈ రెండూ దొరకవు. పెద్ద ఎమ్‌కు వేరే అర్థం లేదు, తప్పు జరిగిందన్న కబురు వేరే చోటి నుంచి, వేరే మాటల్లో వస్తుంది. ఈ పోలిక గుర్తుంచుకుంటే తర్వాతి వాదాలను తూచడం సులువవుతుంది.

తేడా ఎక్కడ పుట్టింది

తొలి భాషల్లో ఈ ప్రశ్నే లేదు. ఫోర్ట్రాన్ 1957లో ఐబీఎం 704 మీద వచ్చినప్పుడు ప్రోగ్రాంను పంచ్ కార్డుల మీద కొట్టేవారు. ఆ కార్డు యంత్రాల్లో ఉన్నవి పెద్దక్షరాలే. ఒక్కో గుర్తుకు ఆరు బిట్లు (సున్నా, ఒకటి అంకెలు) కేటాయించేవారు, అంటే మొత్తం 64 గుర్తులు. పెద్దక్షరాలు 26, అంకెలు 10 పోగా 28 మిగిలేవి. చిన్నక్షరాలు కూడా చేరిస్తే 62 నిండిపోయి, కూడికకు, తీసివేతకు, చుక్కకు, కామాకు, ఖాళీకి కలిపి రెండే చోట్లు ఉండేవి. కోబాల్, లిస్ప్, 1964లో డార్ట్‌మత్ కాలేజీలో పుట్టిన బేసిక్ అన్నీ పెద్దక్షరాల కాలానివే.

ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ఆస్కీ ప్రమాణం 1963లో మొదటిసారి వచ్చినప్పుడు కూడా చిన్నక్షరాలు లేవు, 1967 సవరణలో స్థిరపడ్డాయి. పెద్ద ఏ సంఖ్య 65, చిన్న ఏ సంఖ్య 97. తేడా 32, అంటే ఒకే ఒక్క బిట్. ఈ అమరిక వల్ల రెండింటినీ ఒకటిగా చూడటం యంత్రానికి చాలా తేలిక.

అయినా బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దానితో పాటు 1970ల మొదట్లో డెనిస్ రిచీ చేతిలో రూపుదిద్దుకున్న సీ భాష ఆ దారి పట్టలేదు. అక్కడివారి దగ్గర చిన్నక్షరాలు కొట్టగల మోడల్ 37 టెలిటైపులు (కంప్యూటర్‌కు తగిలించిన టైపు మిషన్లు) ఉండేవి. వారి పద్ధతిలో పేరంటే వరుసగా ఉన్న కొన్ని సంఖ్యలు, రెండు వరుసలు అచ్చంగా ఒకటైతేనే అది ఒకే పేరు. ఈ నియమానికి అదనపు కోడ్ ఒక్క లైనూ అక్కర్లేదు, మినహాయింపులూ లేవు. పెద్దక్షరాలు మాత్రమే ఉన్న పాత టెర్మినళ్లు బయట ఇంకా వాడుకలో ఉండేవి కాబట్టి, యూజర్ పేరు మొత్తం పెద్దక్షరాల్లో కొడితే యూనిక్స్ అది పాత టెర్మినల్ అనుకుని తానే సర్దుకునేది.

అదే కాలంలో నిక్లాస్ విర్త్ 1970లో ప్రకటించిన పాస్కల్, ఆ తర్వాత అమెరికా రక్షణ శాఖ కోసం తయారైన ఏడా తేడా పాటించని దారిలో నడిచాయి. విర్త్ తన తర్వాతి భాష మాడ్యులా-2ను మాత్రం తేడా పాటించేదిగా చేశారు. ఒకే మనిషి రెండు దారులూ తొక్కారంటే ఏ పక్షమూ అప్పటికి తిరుగులేనిది కాదన్నమాట. తర్వాత యూనిక్స్, సీ గెలిచాయి. సీని చూసి సీ ప్లస్ ప్లస్, జావా, జావాస్క్రిప్ట్, సీ షార్ప్ వచ్చాయి. పైథాన్ కూడా యూనిక్స్ లోకంలోనే పెరిగింది. నేటి విద్యార్థి నేర్చుకునే భాషల్లో చాలావరకు తేడా పాటించేవే కావడానికి ప్రధాన కారణం ఈ వారసత్వం.

తేడా వల్ల ఒరిగేదేమిటి

వారసత్వం ఒక్కటే కారణమైతే ఈపాటికి ఎవరో ఒకరు వదిలించుకునేవారు. పెద్ద చిన్న అక్షరాలకు నిజమైన పని ఉన్న చోట్లు ఉన్నాయి. ఇంటర్ ఫిజిక్స్ చదివిన ప్రతి ఒక్కరికీ పెద్ద జీ, చిన్న జీ తెలుసు. పెద్ద జీ విశ్వ గురుత్వ స్థిరాంకం, చిన్న జీ గురుత్వ త్వరణం. ఒకే సూత్రంలో పెద్ద ఎమ్ భూమి ద్రవ్యరాశి, చిన్న ఎమ్ వస్తువు ద్రవ్యరాశి. కొలతల్లోనైతే ఈ తేడా ఇంకా గట్టిది. ఓర్వకల్లు దగ్గరి కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. ఆ యూనిట్‌ను పెద్ద ఎమ్‌తో రాయాలి. చిన్న ఎమ్‌తో రాస్తే 1000 మిల్లీవాట్లు, అంటే ఒకే ఒక్క వాటు. షిఫ్ట్ కీ నొక్కకపోతే లెక్క 100 కోట్ల వంతు తగ్గిపోతుంది.

ప్రోగ్రామర్లు కూడా అక్షరం ఎత్తును అర్థం చెప్పడానికి వాడుకుంటారు. జావాలో పెద్ద ఎస్‌తో 'స్టూడెంట్' అంటే ఒక రకం, చిన్న ఎస్‌తో 'స్టూడెంట్' అంటే ఆ రకానికి చెందిన ఒక విద్యార్థి, అన్నీ పెద్దక్షరాలైతే మారని విలువ. కోడ్ చదివేవారికి పేరు చూడగానే అదేమిటో తెలిసిపోతుంది. కొన్ని భాషలు దీన్ని అలవాటు స్థాయిలో వదలకుండా నియమమే చేశాయి. హాస్కెల్‌లో రకాల పేర్లు పెద్దక్షరంతోనే మొదలవ్వాలి. ప్రోలాగ్‌లో పెద్దక్షరంతో మొదలైతే అది వేరియబుల్, అంటే విలువ పెట్టుకునే పేరు.

నోరు మెదపని తప్పు

పెద్ద ఎమ్ మెయిన్ లాంటి తప్పు బాధ పెట్టినా ప్రోగ్రాంను ఆపేస్తుంది, కాబట్టి దొరుకుతుంది. అంతకన్నా చెడ్డది ఆపకుండా నడిచిపోయే తప్పు. ఆదోని యార్డుకు వచ్చిన మూడు వేరుశనగ బస్తాల తూకం కలపడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశారనుకుందాం. తూకాలు 40, 42, 38 కిలోలు. చిన్న టీతో 'టోటల్' అనే పేరుకు ముందు సున్నా ఇచ్చారు. ఒక్కో బస్తాకూ అదే పని మళ్లీ చేయించే లూప్ లోపల 'టోటల్‌కు ఈ బస్తా తూకం కలిపి మళ్లీ టోటల్‌లో పెట్టు' అని రాసేటప్పుడు, ఎడమ వైపు పేరుకు పొరపాటున పెద్ద టీ పడింది.

పైథాన్ అభ్యంతరం చెప్పదు. పెద్ద టీ టోటల్ అనే కొత్త పేరు పుట్టిందనుకుంటుంది. మొదటి బస్తాకు సున్నాకు 40 కలిపి కొత్త పేరులో పెడుతుంది. రెండో బస్తాకు మళ్లీ అదే సున్నాకు 42, మూడోదానికి 38. చివర చిన్న టీ టోటల్ అడిగితే సున్నా, పెద్ద టీ టోటల్ అడిగితే 38. రావాల్సింది 120. సున్నా వస్తే అనుమానమైనా వస్తుంది, 38 వస్తే బస్తాలు ఎన్నో తెలియని మనిషి నమ్మేస్తాడు.

ఇక్కడ రెండు కారణాలు కలిశాయి. ఒకటి అక్షరం పట్టింపు. రెండోది, పేరును ముందుగా ప్రకటించకుండానే వాడుకోనిచ్చే వెసులుబాటు. సీలోనూ జావాలోనూ వేరియబుల్‌ను ముందే ప్రకటించాలి కాబట్టి ఇదే పొరపాటు కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. ఇక ప్రకటన అడగని పాత బేసిక్‌లో పెద్ద టీ వల్ల ఏమీ కాదు గానీ, 'టోటల్' స్పెల్లింగ్‌లో ఒక అక్షరం జారితే ఇదే సున్నా వస్తుంది. అంటే రెండో కారణం బరువు మొదటిదాని కన్నా ఎక్కువ. ఈ చర్చలో ఆ సంగతి తరచూ మరుగున పడిపోతుంది.

స్పెల్లింగ్ విషయం ఈ ప్రాంతం వారికి వేరే చెప్పక్కర్లేదు. కడప పాత ఇంగ్లీషు స్పెల్లింగ్‌ను ప్రభుత్వం 2005లో మార్చింది. అనంతపురాన్ని టీ తర్వాత హెచ్ పెట్టీ పెట్టకుండా, చివర 'ము' చేర్చీ చేర్చకుండా నాలుగైదు రకాలుగా రాస్తున్నారు. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకోలా ఉండటం మామూలే. అక్షరం పట్టింపు తీసేసినంత మాత్రాన వీటిలో ఒక్కటీ కలవదు.

లాప్‌టాప్‌లో నడిచింది, సర్వర్‌లో ఆగింది

ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఈ సమస్య వేరే వేషంలో ఎదురవుతుంది. విండోస్‌లో ఫైల్ పేర్లకు పెద్ద చిన్న తేడా మామూలుగా ఉండదు, లైనక్స్‌లో ఉంటుంది. విద్యార్థి లాప్‌టాప్ విండోస్, వెబ్‌సైట్ పెట్టే సర్వర్ చాలాసార్లు లైనక్స్. కెమెరా నుంచి వచ్చిన ఫోటో పేరు చివర 'జేపీజీ' పెద్దక్షరాల్లో ఉంది, పేజీలో చిన్నక్షరాల్లో రాశారు. లాప్‌టాప్‌లో ఫోటో కనబడుతుంది, సర్వర్ మీద పెట్టాక ఖాళీ డబ్బా మిగులుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ పేర్లదీ ఇదే కథ. ఆ డేటాబేస్ మామూలు సెట్టింగుల్లో టేబుల్ పేర్ల పట్టింపును అడుగున ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి నిర్ణయిస్తుంది.

ఒకే భాషలో రెండు పద్ధతులు కలవడమూ ఉంది. పీహెచ్‌పీలో వేరియబుల్ పేర్లకు పట్టింపు ఉంది, ఫంక్షన్ పేర్లకు లేదు. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులకు లేదు, దాన్ని ఆడించే జావాస్క్రిప్ట్‌కు ఉంది. డేటాబేసుల్లో కొటేషన్లు లేని పేర్లను ఒరాకిల్ పెద్దక్షరాల్లోకి మారుస్తుంది, పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే కష్టం కాదు. ఒక ప్రాజెక్టులో నాలుగూ ఉన్నప్పుడు ఎక్కడ ఏ నియమమో గుర్తుపెట్టుకోవడమే కష్టం.

పట్టింపు తీసేస్తే వచ్చే చిక్కు

ఇంగ్లీషు 26 అక్షరాల వరకు ఒక బిట్ పక్కన పెడితే సరిపోతుంది. ప్రపంచ లిపులన్నీ ఆస్కీకి వారసుడైన యూనికోడ్ ప్రమాణంలో చేరాక ఆ సులువు పోయింది. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు, రెండింటికీ పెద్ద రూపం, చిన్న రూపం విడివిడిగా ఉన్నాయి. మనం రాసే పెద్ద ఐకి టర్కిష్ లెక్కలో చిన్న రూపం చుక్క లేనిది. పీహెచ్‌పీలో టర్కిష్ సెట్టింగ్ పెట్టినప్పుడు, పేరులో పెద్ద ఐ ఉన్న క్లాసులు దొరకకుండా పోయే లోపం ఏళ్ల తరబడి నడిచింది. జర్మన్‌లో ఒక చిన్నక్షరం పెద్దదైతే రెండు ఎస్‌లవుతుంది. గ్రీకులో ఒక పెద్దక్షరానికి రెండు చిన్న రూపాలు. 'రెండూ ఒకటే' అనాలంటే ఏ భాష లెక్కలో ఒకటే అన్న ప్రశ్న ముందుకొస్తుంది.

తెలుగుకు పెద్ద చిన్న అక్షరాలు లేకపోయినా తనదైన చిక్కు ఒకటుంది. 'పై' అనే అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, ఐత్వపు తోక అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. 2008లో వచ్చిన పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది, ఈ రెండు రూపాలనూ కలిపి ఒకే పేరుగా చూస్తుంది. ఇక్కడ అది అచ్చమైన సంఖ్యల పోలిక మీద నిలబడలేదు, మనిషి కంటికి ఒకటైనవాటిని ఒకటిగా తీసుకుంది. పెద్ద ఎమ్, చిన్న ఎమ్ ఒకటే అనుకునే విద్యార్థి కోరేది కూడా దాదాపు ఇదే.

మరో వైపు గో భాషను చూడాలి. 2009లో గూగుల్ ప్రకటించిన ఈ భాషలో పేరు పెద్దక్షరంతో మొదలైతేనే అది బయటి ప్యాకేజీలకు (వేరే కోడ్ కట్టలకు) అందుతుంది, లేకపోతే లోపలే ఉండిపోతుంది. ఇంగ్లీషులో రాసేవారికి ఇది ముచ్చటైన ఏర్పాటు. తెలుగులో, హిందీలో, జపనీస్‌లో పేరు పెడితే దానికి పెద్దక్షరం ఉండదు, కాబట్టి ముందు ఒక ఇంగ్లీషు పెద్దక్షరం తగిలించనిదే అది బయటికి రాదు. అక్షరం ఎత్తుకు అర్థం అప్పగించడం ఎంత తెలివైన పనిగా కనబడినా, అందులో కొన్ని లిపులకు చోటు లేకుండా పోతుంది. భాష తయారు చేసేవారు మొదటి రోజే ఆలోచించాల్సిన విషయమిది.

నడిమి దారులు

కొత్తవారి మీద పడే భారం ఊహ కాదు. అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీలో ఆలిస్ అనే త్రీడీ బొమ్మల పాఠ్య సాధనాన్ని తొలుత పైథాన్ మీద కట్టారు. కొత్త విద్యార్థులను పరిశీలించినప్పుడు రెండు విషయాలు పెద్ద అడ్డంకులుగా తేలాయి. ఒకటి పెద్ద చిన్న అక్షరాల పట్టింపు, రెండోది ఒకటిని రెండుతో భాగిస్తే సున్నా రావడం. ఆలిస్ బృందం తమ పైథాన్‌లో రెండింటినీ మార్చుకుంది. అసలు పైథాన్ మాత్రం ఒకదాన్నే మార్చుకుంది. పైథాన్ 3లో ఒకటి బై రెండు అర అయింది, అక్షరాల పట్టింపు అలాగే ఉంది.

పలు భాషల ప్రోగ్రాంలను కలిపి నడిపే మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రెండు పద్ధతులూ ఒకే కప్పు కింద ఉన్నాయి. సీ షార్ప్ తేడా పాటిస్తుంది, విజువల్ బేసిక్ పాటించదు. రెండూ కలిసి పనిచేయాలి కాబట్టి, బయటికి కనిపించే పేర్లు కేవలం పెద్ద చిన్న తేడాతో ఉండకూడదని ఉమ్మడి నియమం పెట్టారు. విజువల్ బేసిక్ ఎడిటర్ ఇంకో మంచి పని చేస్తుంది. పేరును మొదట ఎలా ప్రకటించారో, తర్వాత ఎక్కడ ఎలా కొట్టినా అదే రూపానికి దిద్దేస్తుంది. నిమ్ అనే భాష మొదటి అక్షరానికి మాత్రమే పట్టింపు పెట్టుకుని మిగతావి వదిలేసింది. రస్ట్ తేడా పాటిస్తూనే, పేర్లు అలవాటైన రూపంలో లేకపోతే కంపైల్ సమయంలోనే హెచ్చరిస్తుంది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి చిన్న టీతో 'ట్రూ' అని రాస్తే, అలాంటి పేరు లేదని చెప్పి ఊరుకోకుండా 'పెద్ద టీ ట్రూ మీ ఉద్దేశమా' అని అడుగుతోంది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే డాట్‌నెట్ ఉమ్మడి నియమం లాంటిదే అన్నిటికన్నా సబబుగా కనిపిస్తుంది. పేరును ఒకే రూపంలో రాయించాలి, కానీ అక్షరం ఎత్తు ఒక్కటే తేడాగా ఉన్న రెండో పేరును అసలు పుట్టనివ్వకూడదు. అలా అయితే జావాలో రకం పేరు, వ్యక్తి పేరు ఒకే మాటతో రాసే అలవాటు వదులుకోవాలి. దానికి బదులుగా తూకాల ప్రోగ్రాంలో సున్నా రాకుండా మొదటి పరుగులోనే ఎర్ర గీత పడుతుంది.

ఇక ముందు

సీ, జావా, పైథాన్ ఇప్పుడు ఈ నియమం మార్చుకునే అవకాశం లేదు. పట్టింపు ఎత్తేస్తే, అక్షరం ఎత్తు మీదే ఆధారపడి రాసిన ఇప్పటికే ఉన్న కోడ్ పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. మార్పు రావాల్సింది కంపైలర్ మెసేజ్‌లలో, ఎడిటర్లలో, ల్యాబుల్లో. పాత కంపైలర్ల మీదే నడుస్తున్న ల్యాబులు కొత్త వెర్షన్లకు మారితే, సూచనలు ఇచ్చే మెసేజ్‌లు అదనపు ఖర్చు లేకుండా అందుతాయి. సీలో పెద్ద పీతో 'ప్రింటెఫ్' అని రాస్తే ఈనాటి కంపైలర్లు చిన్న పీ పేరును చూపించి మరీ చెబుతాయి.

పెద్ద ఎమ్ మెయిన్ విషయంలో మాత్రం లింకర్ మాట అలాగే ఉంది, ఇంకా లైన్ నంబర్ లేకుండానే వస్తోంది. అందుకే ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో, మొదటి ప్రోగ్రాం పక్కనే ఆ మెసేజ్‌ను యథాతథంగా అచ్చువేసి, దాని కింద 'మెయిన్‌లో ఎమ్ చిన్నదో కాదో చూడండి' అని తెలుగులో ఒక్క లైను రాయడం ఏ కాలేజీకైనా ఈ సెమిస్టర్‌లోనే వీలయ్యే పని.